వచ్చే ఆదివారం దాకా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ రోజుల్లో అనంతపురంలోని నా ఇంటర్నెట్ సెంటరుకు ఒక్క ఆదివారం వచ్చి కూర్చున్నవాళ్లెవరూ నన్ను కోపిష్టిదాన్ని అనరు. గొంతు చించుకోవడమంటే ఏమిటో అక్కడ వేరేవాళ్లు చూపించేవాళ్లు. వాళ్ల మధ్యలో నేను శాంతమూర్తిని.

ఆ సెంటరు మా అత్త ఇంటి ముందరి గది. రోడ్డు వైపు ఒక తలుపు, ఇంట్లోకి ఒక తలుపు. తొంభైల చివర్లో అందులో ఎస్టీడీ బూతు నడిపాను. ఫోన్లకు వచ్చేవాళ్లు తగ్గుతుంటే ఆ గాజు పెట్టె పీకించి, కస్టమర్లకు మూడు కంప్యూటర్లు, నా గల్లా దగ్గర ఒకటి పెట్టి, బోర్డు మార్పించాను. మా ఆయన బెళుగుప్ప దగ్గర ఒక బడిలో పంతులు. పొద్దున బస్సుకు పోయి చీకటి పడేవేళకు వచ్చేవాడు. నాకూ అత్తకూ మధ్య ఏ మాటొచ్చినా "మీరిద్దరే తేల్చుకోండి, నన్ను లాగొద్దండి" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఈ కథలో ఆయన పని అంతే.

అత్త చదువుకోలేదు. కానీ మాటలో ఆమెను గెలిచినవాళ్లు మా వీధిలో లేరు. బండరాళ్ల గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ ఉండేది. "గది నాది. నీది బోర్డు" అని నాకు సందు దొరికినప్పుడల్లా గుర్తు చేసేది. నాకు ఒళ్లు మండేది. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో వంటగది ఆమెది, దేవుడి గూడు ఆమెది, బీరువా తాళం ఆమెది. ఆ ముందరి గదిలో కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే నేను ఎవరి కోడలినో కాకుండా నేనుగా ఉండేదాన్ని. అందుకే ఆ గది పోతుందంటే నాకు ఊపిరాడేది కాదు.

ఆ గదిలోకి లినక్స్ వాళ్లను రానిచ్చింది నేనే. ముందు సారు వచ్చారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పత్రికతో వచ్చిన సీడీ. ఆ సీడీ చూసి పక్క కంప్యూటరు దగ్గరున్న తాడిపత్రి ఆయన లేచి వచ్చాడు. ఆయన ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేవాడు. తలలో రాతిపొడి ఎంత దులిపినా పోయేది కాదు. ఇద్దరూ పరిచయం చేసుకోవడానికి ముందే వాదించుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఒక నెలకు ధర్మవరం నుంచి మూడో మనిషి తేలాడు. చీరలు నేసే కుటుంబం. అంచులకూ కొంగులకూ కంప్యూటరు మీద డిజైన్లు గీసేవాడు. నన్ను అక్కా అనేవాడు కాబట్టి ఆయన నాకు ధర్మవరం తమ్ముడు.

వీళ్లు ముగ్గురూ కలిసి లినక్స్ యూజర్ గ్రూప్ అని పేరు పెట్టుకున్నారు. అప్పుడప్పుడు నాలుగో మనిషెవరైనా వచ్చేవాడు. ఒక ఆదివారం వాదన విన్నాక మళ్లీ కనిపించేవాడు కాదు.

లినక్స్ అంటే ఏమిటని మా అత్త ఒకసారి అడిగితే సారు చక్కగా విడమరిచి చెప్పారు. కంప్యూటరును నడిపించడానికి విండోస్ లాగే ఇది కూడా ఒక పద్ధతి అనీ, దీన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, లోపల ఎట్లా ఉందో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు అనీ చెప్పారు. అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"ఊరికే వచ్చేదానికి ఇంత కొట్లాట ఏంటికప్పా?"

నిజానికి లినక్స్ అంటే ఒక్కటి కాదు. ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకోవచ్చు కాబట్టి బోలెడు రకాలు తయారయ్యాయి. సారుది ఒక రకం, తాడిపత్రి ఆయనది ఒక రకం, ధర్మవరం తమ్ముడిది ఇంకో రకం. ఆ పేర్లు నేనిక్కడ రాయను. రాస్తే ఈ ముక్క చదివే ఆ ముగ్గురూ మళ్లీ మొదలుపెడతారు. సారు రకం పద్ధతిగా, క్లాసురూములాగా ఉండేది. తాడిపత్రి ఆయన రకంలో అన్నీ మనమే టైపు చేసి చెప్పుకోవాలి. తమ్ముడి రకంలో తెర నిండా రంగులు, నీడలు, కిటికీ మూస్తే అది ముడుచుకుని మాయమయ్యేది. చూడటానికి ముచ్చటగా ఉండేది కానీ కంప్యూటరు ఆయాసపడేది.

వాళ్ల వాదనలకు ఒక రూలుండేది. మాటలతో ఎవరూ గెలవకూడదు. కంప్యూటరు ముందు కూర్చుని చేసి చూపించాలి. చూపించలేనివాడు ఓడినట్టు. ఓడినవాడు గెలిచినవాడి పద్ధతిలోనే వచ్చే ఆదివారం దాకా పని చేసుకోవాలి, ఇంట్లోనైనా ఆఫీసులోనైనా. రూలు తప్పినవాళ్లను నేను చూడలేదు. ఒకసారి మౌసు లేకుండా పని జరుగుతుందా జరగదా అన్నదాంట్లో ధర్మవరం తమ్ముడు ఓడిపోయాడు. వారమంతా మౌసు పక్కన పెట్టి, కీబోర్డు మీదే చీర అంచు గీశాడు. ఆ వారం గీసిన మామిడిపిందెలన్నీ ఇటుకల్లా వచ్చాయని, వాళ్ల నాయన చూసి "ఇది చీరా, గోడా?" అన్నాడని తానే చెప్పుకుని నవ్వాడు. ఇంకోసారి తాడిపత్రి ఆయన ఓడి, బండల ఆఫీసులో ఆ రంగుల తెర పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ల యజమానికి అది తెగ నచ్చి, వారం అయిపోయినా తియ్యనివ్వలేదు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన మొహం చూసి నేను గల్లా మీద తల పెట్టి నవ్వాను.

మా వీధి కొళాయికి ఎప్పుడు నీళ్లొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. ఒక ఆదివారం వాదన మంచి పాకంలో ఉండగా నీళ్లొచ్చాయి. అత్త లోపలి తలుపు తోసుకుని వచ్చి, "ఏమప్పా, నోళ్లు ఆడిస్తానే చేతులాడియ్యొచ్చు గదా, రాండి" అని ముగ్గురికీ తలో బిందె ఇచ్చింది. సారు ఇస్త్రీ చొక్కాతో సహా వరసలో నిలబడ్డారు. వాదన ఆగిందా? ఆగలేదు. కొళాయి నుంచి తొట్టి దాకా నడుస్తూ, ఎదురుపడ్డప్పుడల్లా ఒకరికొకరు ఒక్కో పాయింటు చెప్పుకున్నారు. వీధి ఆడవాళ్లు బిందెలు దించి మరీ విన్నారు. తొట్టి నిండాక లోపలికొచ్చి కంప్యూటరు మీద చేసి చూస్తే, ఓడింది సారు. అందరికీ అత్త ఉగ్గాని చేసి పెట్టింది. నానబెట్టిన బొరుగులు, పచ్చిమిరపకాయ, పప్పుల పొడి. పక్కన వేడి బజ్జీ. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉగ్గాని మామూలైపోయింది. అత్త కూడా తన పనులన్నీ ముందే ముగించుకుని గడప మీద చేరేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరు ఓడేదీ ముందే చెప్పేది. "ఆయప్ప గొంతు పెరిగింది. అయిపాయె" అనేది. చాలాసార్లు నిజమయ్యేది.

ఆదివారం వాళ్లు సీడీల్లోంచే నడిపి చూపించుకునేవాళ్లు గానీ, ఇంత జరుగుతున్నా నా కంప్యూటర్లలో మాత్రం విండోసే ఉండేది. వచ్చేవాళ్లకు అలవాటైంది అదే, మారిస్తే రారని భయం. అదే ఒక ఏడాది పదో తరగతి రిజల్ట్స్ రోజు పొద్దున నా కొంప ముంచింది. పిల్లలు, తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. ఎవరో తెచ్చిన ఫ్లాపీలోంచి వైరస్ దూరి మూడు కంప్యూటర్లూ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. జనమంతా నా కళ్ల ముందే రోడ్డు దాటి ఎదుటి సెంటరుకు పోయారు. నేను ఖాళీ కుర్చీల మధ్య నిలబడి ఏడవలేదు గానీ, ఒక కీబోర్డును టేబుల్ మీద గట్టిగా కొట్టాను. దాంట్లో రెండు అక్షరాలు తర్వాత పని చెయ్యలేదు.

అది అత్త చూసింది. ఆ సంగతి పట్టుకుని మరుసటి వేసవిలో అసలు మాట తెచ్చింది. వేరుశనగ విత్తనకాయలు అమ్మే పెద్దమనిషి ఒకాయన మా రోడ్డులో అంగడి కోసం వెతుకుతున్నాడు. వానలకు ముందు రైతులంతా బస్టాండు నుంచి మా వీధి మీదుగానే నడిచేవాళ్లు. మా గది ఆయన కంట్లో పడింది.

"చూడమ్మే, ఎండాకాలం నీ గదిలో ఈగలు తోలుకుంటా ఉండావు. ఆయప్ప ఏడాది పొడుగునా బాడిగ ఇస్తానంటాండాడు. నేను అన్యాయంగా మాట్లాడను. రిజల్ట్స్ పొద్దు చూస్తా. ఆ పొద్దు జనం నీ కాడ నిలబడితే గది నీది. పోయినేడు మాదిరి ఎదురంగడికి పోయినారంటే, మర్నాడే ఖాళీ చెయ్యల్ల."

"సరే" అన్నాను. కోపంలో అన్నాను. లోపలికి పోయి నీళ్లు తాగాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలిసిరాలేదు.

ఆ ఆదివారమే గ్రూపుకు సంగతంతా చెప్పాను. గది పోతే నాకు కుర్చీ పోతుంది, వాళ్లకు ఆదివారం పోతుంది.

"అక్కా, కంప్యూటర్లలో లినక్స్ ఎక్కిద్దాం. ఆ వైరస్ల బాధ ఉండదు" అన్నాడు ధర్మవరం తమ్ముడు.

"ఎక్కిద్దాం. మూడింట్లోకీ ఒకటే రకం. జనానికి తికమక ఉండకూడదు" అన్నారు సారు.

"ఒకటే రకమే సార్. నాది" అన్నాడు తాడిపత్రి ఆయన.

ఇంక చూడండి. నా బతుకు పక్కకు పోయింది, ఏ రకం ఎక్కించాలన్నది ముందుకొచ్చింది. ఆ ఆదివారం తేలలేదు. తర్వాతి ఆదివారమూ తేలలేదు. చేసి చూపించమంటే ముగ్గురూ చేసి చూపించారు, ముగ్గురివీ పని చేశాయి. రూలు ప్రకారం ఓడినవాడు లేడు. ఆ పై వారం నేను కళ్యాణదుర్గంలో మా పినతల్లి కూతురి పెళ్లికి పోవాల్సి వచ్చింది. తాళం చెవి సారు చేతిలో పెట్టి, "మీరేం చేస్తారో నాకు తెలియదు. నేనొచ్చేసరికి ఒక నిర్ణయానికి రండి" అని చెప్పి బస్సెక్కాను.

సోమవారం తిరిగొచ్చి తలుపు తీశాను. మూడు కంప్యూటర్లూ వేశాను. మొదటిది క్లాసురూము. రెండోది నల్లటి తెర, మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. మూడోదాంట్లో రంగులు, నీడలు, లినక్స్ గుర్తుగా ఎగిరే పెంగ్విను. ఒక నిర్ణయానికి రమ్మంటే తలో కంప్యూటరు పంచుకుని ఎవరిది వాళ్లు ఎక్కించుకుని పోయారు! పైగా మానిటర్ల మీద చీటీలు కూడా అంటించారు, ఎవరిది ఏదో తెలియడానికి. ఆ రోజు పేపర్లో చూస్తే రిజల్ట్స్ బుధవారమని ఉంది.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అప్పుడే బిందెతో వచ్చిన అత్త కూడా ఆ మూడు తెరలు చూసి, "ఇదేందే, మూడు మిషన్లూ మూడు తీర్లుండాయి?" అంది. నా ఫోను తీసి ముగ్గురికీ వరసగా చేశాను. పాలిటెక్నిక్ ఆఫీసుకు చేసి సారును ఫోను దగ్గరికి పిలిపించాను. బండల ఫ్యాక్టరీకి చేస్తే వెనక మిషను మోతలో నా అరుపు తాడిపత్రి ఆయనకు బాగానే వినిపించింది. ధర్మవరంలో ఫోను ఎత్తింది తమ్ముడి నాయన. ఆయన్ను కూడా తిట్టేశాను, తర్వాత క్షమించమన్నాను. అందరికీ చెప్పింది ఒకటే మాట. బుధవారం ముగ్గురూ సెలవు పెట్టి రావాలి, ఎవరి కంప్యూటరు దగ్గర వాళ్లు కూర్చోవాలి.

వచ్చారు. నేను తలుపు తీసేసరికే ముగ్గురూ మెట్ల మీద కూర్చుని, ఎదుటి సెంటరు వాడు ఏ సామాను వాడుతున్నాడన్నదాని మీద వాదించుకుంటున్నారు. నాకు కోపమూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది.

ఎండ ముదిరేసరికి రోడ్డు నిండిపోయింది. హాల్ టికెట్లు చేత్తో పట్టుకున్న పిల్లలు, తలగుడ్డలు దులుపుకుంటున్న నాయనలు, చంకలో చంటివాళ్లతో అమ్మలు. పల్లెల నుంచి బస్సు దిగినవాళ్లు దిగినట్టే ఇటు వచ్చారు. అత్త గడప మీద తన చోట్లో కూర్చుంది. ఆమె పక్కన ఒక కుర్చీ వేయించుకుని, విత్తనాల పెద్దమనిషి కూడా కూర్చున్నాడు. తువ్వాలుతో విసురుకుంటూ గోడలు, పైకప్పు, గది కొలతలు చూస్తున్నాడు. 

రిజల్ట్స్ విడుదలయ్యాయని ఎవరో రేడియో విని అరిచారు. మూడు కంప్యూటర్ల ముందూ మూడు గుంపులు తోసుకున్నాయి. ముగ్గురూ ఒకేసారి నెంబర్లు కొట్టబోయారు. పేజీ తెరుచుకోలేదు. ఆ పేజీ నిండా ఫోటోలు, కదిలే అక్షరాలు, మెరిసే జెండాలు. రాష్ట్రమంతా దాని మీదే పడింది. మాకున్నది ఒకే ఒక్క టెలిఫోను లైను. మూడు కంప్యూటర్లకూ దాన్నే పంచాలి. ఒక ఫోటో పైనుంచి నుదురు దాకా వచ్చి ఆగిపోయింది. వైరస్ లేదు, కంప్యూటర్లు నిలిచిపోలేదు, అయినా ఫలితం అదే. వెనక నిలబడ్డవాళ్లలో ఇద్దరు ముగ్గురు రోడ్డు అవతలికి చూశారు. ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. అత్త ఆయన పోయే వైపే చూస్తోంది.

అప్పుడు మా వాళ్లు ఏం చేశారు? వాదించుకున్నారు.

"ఓపిక పట్టాలి. మళ్లీ మళ్లీ కొట్టకూడదు. ఒక్కసారి తెరుచుకుంటే చాలు" అన్నారు సారు.

"అట్ల కాదు సార్, రెండు మిషన్లు ఆపేద్దాం. లైనంతా నా దానికి ఇస్తే బిన్నా, గబగబా వస్తాది" అన్నాడు తాడిపత్రి ఆయన.

"నీ దానికే ఎందుకివ్వాలి?" అన్నారు సారు.

"నాది తేలిక గాబట్టి!"

గొంతులు పెరిగాయి. గుంపులోంచి ఒక పెద్దాయన తలగుడ్డ సర్దుకుంటూ అన్నాడు, "ఏమప్పా, మీ కొట్లాట అయినంక మావోని నెంబరు చూస్తారా, లేకుంటే మేము ఆడికి పోదుమా?"

అప్పుడు మూడో కంప్యూటరు దగ్గర్నుంచి ధర్మవరం తమ్ముడు మెల్లగా అన్నాడు.

"సార్, బొమ్మలు తీసేద్దాం."

ఇద్దరూ ఆగి ఆయన వైపు చూశారు. బొమ్మల కోసం, రంగుల కోసం రెండేళ్లుగా ప్రాణం పెట్టి పోట్లాడిన మనిషి ఆ మాటంటాడని ఎవరనుకుంటారు? "ఒట్టి అక్షరాలే చూపించే బ్రౌజరు ఉండాది గదా, మనమెవరమూ వాడం. దాంతో ఫోటోలు దిగవు, నెంబరు మాత్రం పోతాది, మార్కులు మాత్రం వస్తాయి" అన్నాడు.

"ఈ గవర్నమెంటు పేజీ దాంట్లో తెరుచుకోదు" అన్నారు సారు. "తెరుచుకుంటాది" అన్నాడు తమ్ముడు. తాడిపత్రి ఆయన మూడో వాదన ఎత్తుకోబోయాడు.

గడప మీద నుంచి అత్త లేచింది. జనం తొలగి దారిచ్చారు. నడుము మీద చేతులు పెట్టుకుని ముగ్గురి మధ్యా నిలబడింది.

"రూలుందిగదప్పా మీకు! మాటలేంటికి? చూపియ్యి నాయనా నువ్వు."

తమ్ముడు తన రంగుల తెర మూసేశాడు. నీడలు, పెంగ్విను అన్నీ ముడుచుకుపోయాయి. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ముందున్న పిల్ల నెంబరు చెప్పింది. కొట్టాడు. నేను గల్లా అంచు పట్టుకుని నిలబడ్డాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత వరసలు వరసలుగా తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు అని సబ్జెక్టుల పేర్లు, వాటి పక్కన మార్కులు పడ్డాయి. కింద ఫస్ట్ క్లాసు.

"పాసు!" అని తమ్ముడు అరిచాడు. ఆ పిల్ల కెవ్వున కేకేసి పక్కనున్న ఎవర్నో వాటేసుకుంది. ఆ ఎవరో సారు. ఆయన ఇస్త్రీ చొక్కా ఆ రోజుతో సరి.

ఓడినవాడి పద్ధతి సారుకు తెలుసు. తన కంప్యూటరు దగ్గరికి పోయి, తన క్లాసురూము తెర మూసి, అదే నల్ల తెర తెరిచారు. తాడిపత్రి ఆయనా అంతే. ఏ తెరల కోసం రెండేళ్లుగా కొట్టుకున్నారో ఆ మూడు తెరలూ ఆ రోజు ఎవరూ చూడలేదు. మూడింట్లోనూ ఒకటే తెర. వచ్చినవాళ్లకు తికమకే లేదు.

ఆ తర్వాత నాకు గుర్తున్నదంతా సందడే. నెంబరు చెప్పడం ఆలస్యం, మార్కులు పడుతున్నాయి. మెట్లు దిగిపోయిన ఆయన కూతురితో తిరిగొచ్చాడు. ఆయన వెనక ఎదుటి సెంటరు నుంచి జనం రావడం మొదలైంది. కాసేపటికి ఆ సెంటరు యజమానే వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఎట్ల చేస్తాండారన్నా?" అని అడిగాడు. ముగ్గురూ పోటీపడి చెప్పారు, ముగ్గురూ మూడు రకాలుగా.

అత్త ఒక కట్టడి చేసింది. "పాసైతే గట్టిగా అరవండి. పోయింటే నా చెవిలో చెప్పండి" అంది. పాసైనవాళ్ల పేరు తమ్ముడు లోపల అరిస్తే అత్త బయట వీధికి అరిచేది. తప్పినవాళ్లను తానే భుజం మీద చెయ్యేసి మా ఇంట్లోకి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చేది. "మల్ల రాస్తావులేప్పా. నేను రాసిండేది ఒక్కటీ లేదు, బతకలేదా?" అనేది. ఏడుస్తూ లోపలికి పోయినవాళ్లు మూతి తుడుచుకుంటూ నవ్వుతూ బయటికొచ్చారు. ఆ రోజు నాకు మా అత్త మీద పుట్టిన ఇష్టం అంతకు ముందెప్పుడూ లేదు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

జనం పలచబడుతుండగా విత్తనాల పెద్దమనిషి కుర్చీలోంచి లేచి లోపలికొచ్చాడు. ఇంక గది కొలతలు అడుగుతాడనుకున్నాను. ఆయన జేబులోంచి మడత పెట్టిన హాల్ టికెట్టు తీసి, "మా మనవరాలిది గూడ రవంత చూడండప్పా. పొద్దున్నుంచి అడగాలంటే మొగమాటమయింది" అన్నాడు. తాడిపత్రి ఆయన కొట్టాడు. పాసు. అత్త వీధికి అరిచింది. పెద్దమనిషి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అయినా వ్యాపారం వ్యాపారమే కదా, తువ్వాలు భుజాన వేసుకుని అత్త వైపు తిరిగాడు.

"అమ్మా, మరి గది సంగతి?"

కీబోర్డుల చప్పుడు ఆగింది. ముగ్గురూ కుర్చీల్లో తిరిగి చూస్తున్నారు.

"నేను ఓడినానప్పా" అంది అత్త. "జనం నిలబడరని నేనంటి. నా కోడలు నిలబెట్టి చూపిచ్చె. ఈడ రూలొకటుండాది. ఓడినోళ్లు గెలిచినోళ్ల పద్ధతిలో వచ్చే ఆదివారం దాకా ఉండల్ల. అంతవరకు గది ఆయమ్మది."

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, రెండూ అయ్యుంటాయి. కానీ రాత్రి పడుకున్నాక ఒక మాట గుచ్చుకుంది. ఆదివారం దాకా. గది నీదే అంటే పోయేది కదా, ఆదివారం దాకా అనడం ఎందుకు? మూడు రోజులు అదే ఆలోచన. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఆదివారం వచ్చింది. ముగ్గురూ వచ్చారు. మళ్లీ ఎవరి తెర వాళ్లు పెట్టుకున్నారు, మళ్లీ గొంతులు లేచాయి. అత్త ఉగ్గాని గిన్నెతో లోపలి తలుపు తోసుకుని వచ్చి టేబుల్ మీద పెట్టింది. నా వైపు చూసింది.

"ఈ వారానికి గూడ నేనే ఓడినా. తినండి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే మాట. పండగొచ్చినా, జ్వరమొచ్చినా, మాకిద్దరికీ పొద్దున్నే మాటామాటా పెరిగి ఉన్నా సరే, ఉగ్గాని గిన్నె పెట్టి ఆ మాట చెప్పకుండా పోయేది కాదు. ఒకసారి ఊరికి పోతూ బస్టాండు నుంచి ఫోను చేసి మరీ చెప్పింది. గది నాదని ఆమె ఒక్కసారీ అనలేదు. వారం వారం ఓడిపోయి ఇస్తూనే ఉంది.

కాలం గడిచి అందరి ఇళ్లలోకీ ఇంటర్నెట్ వచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు పోయారు. ఆదివారం ఆ ముగ్గురు తప్ప గది ఖాళీ. వాళ్ల ఇళ్లలోనూ కనెక్షన్లున్నాయి, అయినా తాడిపత్రి నుంచి, ధర్మవరం నుంచి వచ్చి మరీ కొట్లాడుకునేవాళ్లు. ఒక శుక్రవారం నేనే అత్త పక్కన గడప మీద కూర్చుని, "అత్తా, ఇంక సెంటరు మూసేస్తా. గది విత్తనాల ఆయనకు ఇచ్చేయ్" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"ఇయ్యాల ఏమి వారం?"

"శుక్రవారం."

"ఆదివారం కాలేదు గదా. నేనింకా ఓడిపోయే ఉండా" అంది. "నీకిష్టమొచ్చినప్పుడు మిషన్లు అమ్ముకో పో. ఆ ముగ్గురూ యాడ కొట్లాడల్ల మల్ల?"

ఆదివారం పొద్దున నేను ముందు లేచాను. బొరుగులు నానబెట్టాను. వాళ్లు వచ్చి మొదలుపెట్టాక, ఈసారి గిన్నె నేనే పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టి, "ఈ వారం ఓడింది నేను" అన్నాను. అత్త గడప మీద నుంచి గట్టిగా నవ్వింది. ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. కానీ దాని మీద కూడా వాదించుకున్నారు.